ఓటింగ్ పెంచాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి? గంజాం, గజపతి, రాయగడ తెలుగు వీధుల కోసం ఒక పోలిక

ఎన్నికలొస్తున్నాయంటే చాలు, ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు యువజన సంఘాలన్నీ దాదాపు ఒకే పని మొదలుపెడతాయి. నాలుగు ఫ్లెక్సీలు కొట్టించడం, ఒక ర్యాలీ తీయడం, టీషర్టులు పంచడం, ఫొటోలు గ్రూపుల్లో పెట్టడం. చేసేవాళ్ళ మనసు మంచిదే, దాన్ని నేను కాదనను. కానీ ర్యాలీ తిరిగిన అదే వీధిలో పోలింగు రోజు గుమ్మంలో కూర్చున్న పెద్దావిడని "ఓటేశారా అమ్మా" అని అడిగితే "నా పేరు పీకేసినారట బాబూ, ఇంక నాకేటి పని" అంటుంది. ఆవిడ పేరు నిజంగా తీసేశారా, లేక ఎవరో అన్న మాట పట్టుకుని కూర్చుందా అన్నది ఆ ర్యాలీలో నడిచినవాళ్ళలో ఒక్కరూ చూడలేదు.

కాబట్టి మీ దగ్గర ఓ పదిమంది కుర్రాళ్ళు, కాస్త డబ్బు, రెండు మూడు నెలల టైం ఉందనుకుని, దేన్ని దేంతో పోల్చుకోవాలి, దేనికి ఎంత ఓపిక పెట్టాలి అన్నది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: డబ్బులో ఎక్కువ భాగం జిరాక్సులకూ టీలకూ ఖర్చవ్వాలి, టైంలో ఎక్కువ భాగం గుమ్మాల దగ్గర గడవాలి. ఎందుకో కింద చూడండి.

ముందు మీ వీధిలో ఓటేయనిది ఎవరో తేల్చుకోండి

ఓటేయనివాళ్ళంతా ఒకే రకం అనుకుని మొదలుపెడితే ఏ పద్ధతీ పనిచేయదు. మన జిల్లాల్లో మూడు రకాలు కనిపిస్తారు. జాబితాలో పేరు లేనివాళ్ళు, లేదా ఉన్నా వేరే బూత్‌లో ఉన్నవాళ్ళు ఒక రకం. పేరు ఉండి మనిషి ఊళ్ళో లేనివాళ్ళు రెండో రకం, గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళినవాళ్ళంతా ఇందులోకే వస్తారు. పేరూ ఉండి, మనిషీ ఉండి, వెళ్ళాలనిపించనివాళ్ళు మూడో రకం. ర్యాలీ, నినాదం, వీడియో, ప్రతిజ్ఞ అన్నీ ఈ మూడో రకాన్ని ఉద్దేశించి చేసేవే. మొదటి రెండు రకాల ముందు మీరు ఎంత గట్టిగా నినాదం ఇచ్చినా ఒక్క ఓటూ పెరగదు.

అందుకే మొదటి వారం ప్రచారం ఏమీ చేయకండి. మీ బూత్ ఓటరు జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైటు నుంచి తీసుకుని, ప్రింటు తీసి, వీధి వెంట ఇల్లిల్లూ తిరిగి ప్రతి పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి. ఉన్నారు, వలస వెళ్ళారు, చనిపోయారు, పెళ్ళయి వెళ్ళిపోయారు, పేరు లేదు. ఈ పని బోరు కొడుతుంది, ఫొటోకి పనికిరాదు, కానీ ఆ కాగితం చేతిలో ఉన్నాక మిగతా నిర్ణయాలన్నీ వాటంతటవే తేలిపోతాయి. మీ వీధిలో మొదటి రకం ఎక్కువ ఉంటే మీది ఫారాల ప్రచారం, రెండో రకం ఎక్కువైతే ఫోన్ల ప్రచారం, మూడోది ఎక్కువైతే గుమ్మాల ప్రచారం. ఊరు మొత్తానికి ఒకే పద్ధతి అని ఎవరైనా చెబితే నమ్మకండి, మా వైపు పక్కపక్క వీధుల్లోనే లెక్క మారిపోతుంది.

ఇంటింటికీ తిరగడమా, ఫోనా, ర్యాలీనా

మూడో రకం మనుషుల విషయంలో ఏ పద్ధతి పనిచేస్తుందో కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ 1998లో న్యూహేవెన్ నగరంలో సుమారు 30,000 మంది ఓటర్ల మీద ఒక పరీక్ష చేశారు. కొందరి ఇంటికి మనిషి వెళ్ళి మాట్లాడాడు, కొందరికి ఉత్తరం వెళ్ళింది, కొందరికి ఫోను వెళ్ళింది, కొందరిని అలాగే వదిలేశారు. ఇంటికి మనిషి వెళ్ళిన చోట ఓటింగ్ బాగా పెరిగింది, ఉత్తరం కొంచెం పని చేసింది, డబ్బిచ్చి చేయించిన ఫోన్లు ఏమీ తేలేదు. తరవాత చాలా చోట్ల ఇలాంటి పరీక్షలు జరిగాయి. లాభం అన్నిచోట్లా అంత పెద్దగా రాలేదు, యూరప్‌లో మరీ తక్కువ వచ్చింది. అయినా మనిషి మనిషితో ఎదురుగా మాట్లాడటం మిగతావాటి కంటే మెరుగన్న మాట మాత్రం నిలబడింది.

అది అమెరికా సంగతి కదా అంటారేమో. పాకిస్తాన్‌లోని సింధ్ పల్లెల్లో 2008 ఎన్నికల ముందు ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఓటు ఎందుకు, ఎలా వేయాలి అని వివరించి చూశారు. విన్న ఆడవాళ్ళలో ఓటింగ్ పెరిగింది, వాళ్ళ ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో కూడా పెరిగింది. ఆ పల్లెల పరిస్థితి మన కాశీనగర్, గుణుపురం పరిస్థితికి న్యూహేవెన్ కంటే చాలా దగ్గర. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఇరుగుపొరుగు సంగతి. ఒక గుమ్మంలో మీరు పెట్టిన పావుగంట అక్కడితో ఆగిపోదు, సాయంత్రం కుళాయి దగ్గర ఇంకో నలుగురికి చేరుతుంది.

వాట్సాప్ విషయానికొస్తే, అది ఖర్చు లేనిది, అందుకే అందరూ చేస్తారు, అందుకే ఎవరూ చదవరు. పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ మెసేజీల మధ్యలో మీ ఓటు పోస్టరు కూడా పైకి జరిగిపోతుంది. గ్రూపులో పడేసే మెసేజి కంటే, మీకు తెలిసిన మనిషికి మీ పేరుతో "పిన్నీ, మన బూత్ ఈసారి స్కూలు పాత గదిలో కాదు, కొత్త బిల్డింగులో" అని ఒక వాయిస్ పెట్టడం వేరు. అలాంటిది పనికొస్తుంది. అంటే వాట్సాప్‌ని సమాచారం అందించడానికి వాడండి, ఒప్పించడానికి వాడకండి.

ర్యాలీకి ఒక్క ఉపయోగం ఉంది, మీ సంఘంలోకి కొత్త కుర్రాళ్ళు వస్తారు. ఆ పని కోసమైతే ఒకటి తీయండి, అదీ మొదట్లోనే. పోలింగుకి రెండు రోజుల ముందు తీసే ర్యాలీ వల్ల, తలుపులు తట్టాల్సిన మనుషులంతా రోడ్డు మీద ఉండిపోతారు.

మిషన్ శక్తి సంఘాల మీటింగులు మాత్రం ఎవరూ సరిగా వాడుకోవడం లేదు. 2001లో మొదలైన ఈ మహిళా సంఘాలు ఒడిశాలో దాదాపు ప్రతి పల్లెకూ ఉన్నాయి, నెలనెలా కూర్చుంటాయి, అప్పులూ వడ్డీలూ మాట్లాడుకునే చోటు కాబట్టి అక్కడికి రావడం ఎవరూ మానరు. అక్కడ మీకు పది నిమిషాలు ఇస్తే ఇరవై ఇళ్ళ సంగతి ఒక్కసారే తేలుతుంది. కానీ ఆ పది నిమిషాలు ఉపన్యాసానికి వాడకండి. జాబితా పట్టుకెళ్ళి ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు అని చూసి చెప్పండి. ఇంకో మాట, మాట్లాడేది ఆ సంఘంలోని అక్కే అయి ఉండాలి, మీరు పక్కన కూర్చుని జాబితాలో పేజీలు తిప్పితే చాలు.

స్కూలు పిల్లలతో తల్లిదండ్రులకు ప్రతిజ్ఞా పత్రాలు పంపించే పద్ధతి అధికారులకు ఇష్టం. ఓపిక ఉన్న మాస్టారు దొరికితే చేయండి, లేకపోతే వదిలేయండి. కాగితం సంతకమై తిరిగొస్తుంది, అంతకు మించి ఏం జరిగిందో తెలుసుకునే దారి లేదు.

గుమ్మం దగ్గర ఏం మాట్లాడాలి

"ఓటు మన పవిత్రమైన హక్కు" అని మొదలుపెడితే అవతలి మనిషి తలూపి లోపలికి వెళ్ళిపోతారు. ఒప్పుకోనివాళ్ళు ఎవరూ ఉండరు, వెళ్ళనివాళ్ళే ఉంటారు.

దీనికంటే బాగా పనిచేసేది అడగడం. ఎన్ని గంటలకు వెళ్తారు? అప్పటికి ఇంట్లో ఏ పని ఉంటుంది? ఎవరితో కలిసి వెళ్తారు? 2008లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ ఇలాంటి ప్రశ్నలు ఫోన్లో అడిగి చూశారు. ఓటు వేయండి అని ఉత్తినే గుర్తుచేసిన దానికంటే, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి వెళ్తారో, అంతకుముందు ఏ పనిలో ఉంటారో అవతలివాళ్ళ నోటితోనే చెప్పించినప్పుడు ఎక్కువమంది వెళ్ళారు. అందులోనూ ఒక్కరే ఓటరు ఉన్న ఇళ్ళలో ఫలితం బాగా కనిపించింది, ఇద్దరు ముగ్గురు ఉన్న ఇళ్ళలో పెద్దగా లేదు, బహుశా అక్కడ ఒకరినొకరు ముందే లేపుకుంటారు కాబట్టి. ఇది మనకు సరిగ్గా అతుకుతుంది. కొడుకులు సూరత్‌లో, కోడలు పుట్టింట్లో, ఇంట్లో ముసలాయన ఒక్కడే ఉన్న గుమ్మాలు మన పల్లెల్లో ఎన్ని లేవు? మీ జాబితాలో ముందు అలాంటి ఇళ్ళకు గుర్తు పెట్టుకుని, ఉన్న టైం వాటికి ఎక్కువ ఇవ్వండి. "తాతా, పొద్దున్న ఎనిమిదికి ఎదురింటి అప్పలస్వామి మావ వెళ్తాడట, నువ్వూ ఆయనతో వెళ్ళిపో, ఎండెక్కకుండా వచ్చేయొచ్చు" అన్న ఒక్క మాట ఏ ఫ్లెక్సీ చేయలేని పని చేస్తుంది.

రెండో పోలిక, సిగ్గుపడేలా చేయడమా, కలుపుకుని వెళ్ళడమా. 2006లో మిషిగన్ రాష్ట్రంలో ఒక పరీక్ష చేశారు. గత ఎన్నికల్లో మీరు ఓటేశారా లేదా, మీ పక్కింటివాళ్ళు వేశారా లేదా అని పేర్లతో సహా ఉత్తరం పంపితే ఓటింగ్ ఏకంగా 8 శాతం పాయింట్లు పెరిగింది. లెక్క చూస్తే ఆశ పుడుతుంది. కానీ దయచేసి మన దగ్గర అది చేయకండి. మన వీధుల్లో ఎవరు ఓటేశారు అన్న ప్రశ్న వెంటనే ఎవరికి వేశారు అన్న ప్రశ్నగా మారుతుంది, అక్కడి నుంచి కులం, పార్టీ, ఇళ్ళ మంజూరు దాకా పోతుంది. ఊరి నడుమ పేర్లు అంటించిన రోజు మీ సంఘం మీద ఉన్న నమ్మకం పోతుంది, మళ్ళీ ఏ గుమ్మమూ మీకు తెరుచుకోదు.

అలాగే "మన వీధిలో సగం మంది కూడా వేయట్లేదు, సిగ్గుచేటు" అనే మాట కూడా మానేయండి. అది విన్నవాడికి అందే కబురు "ఎవరూ వెళ్ళట్లేదు, నేనూ వెళ్ళక్కర్లేదు" అనే. దానికి బదులు "ఈసారి మన వరసలో అందరూ బయల్దేరుతున్నారు" అనండి, కాకపోతే అది నిజం కావాలి. నిజం చేయడానికే కదా మీరు తిరుగుతున్నది.

జాబితా పని: ఆన్‌లైనా, బీఎల్‌ఓ దగ్గరా

కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6, తప్పులు దిద్దడానికీ అడ్రసు మార్చడానికీ ఫారం 8, పేరు తీయించడానికి ఫారం 7. ఒకప్పుడు ఏడాదికి జనవరి 1 ఒక్కటే లెక్కగా ఉండేది, ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 నాలుగు తేదీలు ఉన్నాయి. ఈ తేదీల్లో దేనికైనా 18 నిండితే చాలు, 17 దాటినవాళ్ళు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది మన ఇంటర్ పిల్లలకు, ప్లస్ టూ పిల్లలకు చాలామందికి తెలియదు.

ఫోను బాగా వాడేవాళ్ళకు ఎన్నికల సంఘం యాప్ బాగుంటుంది, వాళ్ళకు పక్కన కూర్చుని ఒకసారి చూపించండి చాలు. పెద్దవాళ్ళకూ, పేర్లలో తికమక ఉన్నవాళ్ళకూ మాత్రం బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) దగ్గరికి వెళ్ళడమే మేలు. చాలా చోట్ల బీఎల్‌ఓ అంటే మన అంగన్‌వాడీ దిదీయే, వీధిలో అందరూ తెలిసినావిడే. ఆవిడకు వంద పనులు ఉంటాయి కాబట్టి ఒక్కొక్కరినీ విడివిడిగా పంపి విసిగించకుండా, మీరే ఫారాలు నింపి, కాగితాలు జత చేసి, వారానికోసారి కట్టగా తీసుకెళ్ళండి. అనుమానం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పేర్ల తికమక అని ఎందుకన్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్ళ ఓట్లు చాలా ఇక్కడే ఆగిపోతాయి. జాబితా ఒడియాలో రాస్తారు. తెలుగు పేరు ఒడియాలోకి వెళ్ళేటప్పుడు "వ" సాధారణంగా "బ" అయిపోతుంది. వెంకటరమణ బెంకట రమణ అవుతాడు, వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది. దాన్ని మళ్ళీ ఇంగ్లిషులోకి మారిస్తే మొదటి అక్షరమే వేరు. పైగా మన ఇంటిపేరు ముందుంటుంది, ఒడియావాళ్ళ ఇంటిపేరు చివర ఉంటుంది, రాసేవాళ్ళు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా రాస్తారు. ఒకే ఇంట్లో తండ్రికి ఇంటిపేరు ముందూ కొడుక్కి వెనకా ఉండటం నేను చూశాను. మనవడు ఫోన్లో "వి" కొట్టి వెతికి, రాలేదని చెప్పి, "అవ్వా నీ పేరు లేదు" అంటాడు. మొదట్లో చెప్పిన పెద్దావిడ లాంటివాళ్ళు "పేరు పీకేసినారు" అనుకోవడానికి ఇదీ ఒక కారణం. పేరు అక్కడే ఉంటుంది, "బ" కింద.

అందుకని పేరుతో వెతకకండి, కార్డు నంబరుతో వెతకండి. ఓఆర్ అక్షరాలతో మొదలై గీతలున్న పాత కార్డయితే నంబరు మారి ఉండొచ్చు, అప్పుడు ప్రింటు తీసిన జాబితాలో ఇంటి నంబరు పట్టుకుని, భర్త పేరు, వయసు, పక్కింటి పేర్లు చూసుకుంటూ వెళ్ళండి. మీ బృందంలో ఒడియా చదవగలిగిన ఒక్కరైనా ఉండాలి. ఇది తప్పనిసరి. బరంపురంలో పుట్టి పెరిగిన మన పిల్లలు చాలామంది ఒడియా మీడియంలోనే చదివారు, వాళ్ళని తెచ్చుకోండి, నాయకుడి కంటే వాళ్ళే ఎక్కువ పనికొస్తారు.

ఇంకో అపోహ కూడా పోగొట్టండి. కార్డు పోయినంత మాత్రాన ఓటు పోదు. జాబితాలో పేరుంటే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు లాంటివి చూపి వేయవచ్చు. బీఎల్‌ఓ ఇచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకెళితే మాత్రం కుదరదు, 2019 నుంచి దాన్ని గుర్తింపు కాగితంగా తీసుకోవడం లేదు. తిరగేసి చెప్పాలంటే, కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు.

సూరత్ వెళ్ళినవాళ్ళ సంగతి

ఇక్కడ రెండు దారులున్నాయి, ఊరికి రప్పించడం ఒకటి, అక్కడే నమోదు చేయించడం ఇంకొకటి. చాలా సంఘాలు మొదటిదే పట్టుకుంటాయి. నా లెక్క ఇలా ఉంటుంది: భార్యాపిల్లలతో అక్కడే గది తీసుకుని, పిల్లలు అక్కడే స్కూలుకి వెళ్తున్నవాళ్ళకు ఫారం 8 పెట్టించి ఓటు అక్కడికి మార్పించడమే న్యాయం. వాళ్ళ నీళ్ళూ, రోడ్డూ, ఆసుపత్రీ అన్నీ అక్కడివే. ఏటా నాలుగైదు నెలలు ఊళ్ళో గడిపేవాళ్ళు, కుటుంబం ఇక్కడున్నవాళ్ళు అయితే ఓటు ఇక్కడే ఉంచుకోవాలి, పని మీద కొన్నాళ్ళు బయటికి వెళ్ళినంత మాత్రాన చట్టం ప్రకారం వాళ్ళ నివాసం పోదు.

రప్పించాలంటే అసలు చిక్కు టికెట్టు. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, బరంపురం, కోరాపుట్ లోక్‌సభ స్థానాలకు మే 13న పోలింగు. మధ్యలో ఉన్నది రెండు నెలల లోపే, అవి వేసవి సెలవుల రోజులు. ఇప్పుడు రైల్వే రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, కాబట్టి షెడ్యూలు వచ్చిన రోజే ఫోన్లు మొదలుపెట్టాలి. ఓటు కోసం రమ్మంటే రారు, పెళ్ళికో, పండక్కో, ఇంటి పనికో ఎలాగూ వచ్చే ప్రయాణాన్ని నాలుగు రోజులు అటూ ఇటూ జరపమంటే వస్తారు. ఆ ఫోను కూడా మీరు చేయకండి, ఇంట్లో అమ్మ చేత చేయించండి. కూలి పోతుందన్న భయం సహజం. పోలింగు రోజు జీతంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి చెబుతుంది, కానీ ఆ ఒక్క రోజు సెలవుతో సూరత్ నుంచి వచ్చి వెళ్ళడం అయ్యే పని కాదు. దూరం నుంచే ఓటేసే యంత్రం గురించి ఎన్నికల సంఘం 2022 చివర్లో ప్రతిపాదన పెట్టింది, అది వాడుకలోకి రాలేదు. వచ్చేదాకా గంజాం తల్లులు ఫోన్లు చేస్తూనే ఉండాలి.

ఇటా, అటా: రెండు రాష్ట్రాల్లో పేరున్నవాళ్ళు

ఈ మాట ఎత్తడానికి చాలామంది మొహమాటపడతారు. ఇచ్ఛాపురంలో ఒక ఇల్లు, బరంపురంలో ఒక ఇల్లు, రెండు చోట్లా పేరు. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య కూడా ఇదే. కొటియా పల్లెల్లో అయితే ఊళ్ళే రెండు రాష్ట్రాల మధ్య వివాదంలో ఉన్నాయి, 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ పల్లెల సంగతి వేరు, అక్కడి జనం తప్పేమీ లేదు, దాన్ని ప్రభుత్వాలే తేల్చాలి. మిగతా మనందరికీ చట్టం స్పష్టంగా ఉంది, ఒకరికి ఒకే చోట పేరు ఉండాలి, తప్పుడు డిక్లరేషను ఇస్తే ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

మీ ప్రచారం సంఖ్య పెంచుకోవడం కోసం ఇలాంటి ఓటర్లను చూసీచూడనట్టు వదిలేస్తే అది ఓటింగ్ పెంచడం కాదు. 2024లో మే 13నే ఆంధ్రలోనూ, ఇటు బరంపురం, కోరాపుట్ వైపూ పోలింగు జరిగింది. ఆంధ్రలో 80 శాతం దాటింది, ఒడిశా మొత్తం మీద 74 దాటింది. ఆ రోజు అటు వెళ్ళి వేసినవాళ్ళు ఇటు జాబితాలో "ఓటేయనివాళ్ళు"గా మిగిలారు. మరి ఏది ఉంచుకోవాలి? ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ పడుకుంటారు, రేషను ఎక్కడ, పిల్లల చదువు ఎక్కడ అని అడగండి, జవాబు వాళ్ళే చెప్పేస్తారు. అటు అత్తవారి ఊరి సర్పంచి బంధువని అక్కడ పేరు ఉంచుకుని, ఇక్కడి వార్డులో డ్రైనేజీ కోసం గొడవపడటం వల్ల ఎవరికీ లాభం లేదు. "మన తెలుగువాళ్ళ మాట ఇక్కడ చెల్లదు" అనేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేయండి, 1996లో పి.వి. నరసింహారావు గారిని లోక్‌సభకు గెలిపించిన స్థానాల్లో బరంపురం ఒకటి. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, ఇక్కడ మన పేర్లు జాబితాలో ఉంటే లెక్కలోకి వస్తాం.

ఏ ఎన్నిక, ఏ నెల

గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు మన మత్స్యకారుల వీధుల్లో పనిచేసేవాళ్ళు క్యాలెండరు చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. మే నెలలో అసెంబ్లీ, లోక్‌సభ పోలింగు వస్తే ఆ పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఇంట్లో ఉంటారు, లేదా ఆ రెండు నెలలకు వేరే కూలికి వెళ్తారు. ఎవరెవరు వెళ్తున్నారో ఏప్రిల్ మొదట్లోనే కనుక్కుంటే మంచిది.

పంచాయతీ ఎన్నికల సంగతి పూర్తిగా వేరు. 2022లో అవి ఫిబ్రవరిలో జరిగాయి, ఐదేళ్ళ లెక్కన మళ్ళీ 2027లో రావాలి. ఫిబ్రవరిలో ఈ నిషేధం ఉండదు, పడవ తెల్లవారకముందే వెళ్తుంది, 2022లో పోలింగు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకానే పెట్టారు. పడవ తిరిగొచ్చేసరికి పెట్టె మూసేస్తారు. ఇక్కడ ఒక్కొక్కరినీ ఒప్పించి లాభం లేదు, ఎందుకంటే పడవ ఒక్కడి కోసం ఆగదు. కులపెద్దలతో మాట్లాడి, ఆ ఒక్క రోజు ఒడ్డు మొత్తం వేట మానేలా ఊరి మాట చేయించాలి. చేపల వేలం వేసే వ్యాపారితో కూడా ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఆయన అడ్వాన్సు గుర్తుచేసి పంపేస్తాడు. పంచాయతీలో వార్డు మెంబరు, సర్పంచి, సమితి సభ్యుడు, జిల్లా పరిషత్ సభ్యుడు, నాలుగు ఓట్లు వేయాలి, అదీ బ్యాలెట్ పేపరు మీద. యంత్రానికి అలవాటుపడిన పిల్లలకు మడతపెట్టడం, ముద్ర వేయడం తెల్లకాగితం మీద ఒకసారి చూపించండి.

అధికారులతో కలిసా, సొంతంగానా

ఎన్నికల సంఘానికి స్వీప్ అనే ఓటరు అవగాహన కార్యక్రమం ఉంది, జిల్లాలో దానికి కలెక్టరే పెద్ద. వాళ్ళతో కలిస్తే జాబితాలు, అనుమతులు, గుర్తింపు కార్డు సులువుగా దొరుకుతాయి, కాకపోతే వాళ్ళ కార్యక్రమాలన్నింటికీ మీ కుర్రాళ్ళని పిలుస్తారు, మానవహారాలూ ముగ్గుల పోటీలతో మీ టైం పోతుంది. సొంతంగా చేస్తే టైం మీది, కానీ "మీరు ఏ పార్టీ తరఫున" అన్న ప్రశ్న ప్రతి గుమ్మంలోనూ వస్తుంది. నేనైతే ఇలా చేస్తాను: ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకుని, జనవరి 25 ఓటర్ల దినోత్సవానికి వెళ్ళొచ్చి, మిగతా రోజులు వీధుల్లోనే ఉంటాను.

డబ్బు ఎవరు ఇస్తామన్నా, టిఫిన్లు స్పాన్సర్ చేస్తామన్నా, పోటీ చేసే మనిషితో సంబంధం ఉంటే వద్దనండి, మీ సొంత మేనమామ అయినా సరే. బృందంలో ఎవరైనా పార్టీ కండువా వేసుకుంటే ఆ ఎన్నిక అయ్యేదాకా జాబితా వాళ్ళ చేతికివ్వకండి. ముసలివాళ్ళని ఆటోలో తీసుకెళ్ళాలని మీకు అనిపిస్తుంది, మంచి ఆలోచనే, కానీ రిటర్నింగ్ అధికారి నుంచి కాగితం లేకుండా బండి తిప్పకండి, అభ్యర్థి తరఫున ఓటర్లను తరలించడం నేరం కాబట్టి అనుమానం మీ మీదకు వస్తుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో 85 దాటినవాళ్ళకూ, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్ళకూ ఇంటి దగ్గరే ఓటేసే వీలుంది, నోటిఫికేషను వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. ఆ ఐదు రోజులు దాటిపోతే ఎవరూ ఏమీ చేయలేరు, కాబట్టి అలాంటి ఇళ్ళ జాబితా ముందే సిద్ధంగా ఉంచుకోండి.

పోలింగు ముందురోజు సాయంత్రం గుంపుగా తిరగకండి, ఇద్దరిద్దరుగా మీరు గుర్తు పెట్టుకున్న ఇళ్ళకే వెళ్ళండి. కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు, ఎన్నింటికి వెళ్తానన్నారో అది గుర్తుచేసి, ఏ కాగితం తీసుకెళ్తున్నారో చూసి రండి. పోలింగు రోజు బూత్‌కి 100 మీటర్ల లోపలికి మీ పని మీద వెళ్ళకండి, వీధి మొదట్లో ఉండండి. పొద్దున్న పదికి ఒకసారి జాబితా చూసుకుని, రానివాళ్ళ ఇళ్ళకు వాళ్ళకు బాగా తెలిసిన మనిషిని పంపండి. పంచాయతీ పోలింగైతే ఆ రౌండు తొమ్మిదికే మొదలవ్వాలి, ఒంటిగంటకు ఇంక మూడున్నర నాలుగు గంటలే ఉంటుంది, మధ్యలో వంటా, పిల్లలకు అన్నాలూ ఉంటాయి.